పావలా నిలవని తుపాకీ

నల్లమలలో నేను ఒకే తూటాతో కొట్టిన అడవిపంది సంగతి వినని తెలుగువాడు విన్నిపెగ్‌లో లేడు. తూటా పంది కుడి చెవిలో దూరి, ఎడమ చెవిలోంచి బయటికొచ్చి, వెనకున్న బండకు తగిలి మళ్లీ తిరిగి, చెట్టుకొమ్మ మీద పడుకున్న చిరుతపులిని నిద్రలోనే దింపింది. ఆ తూటాను వెతికి, వాగులో కడిగి, జేబులో వేసుకుని ఇంటికొచ్చాను, మళ్లీ పనికొస్తుందని. చక్రధర్ మాంసం కొట్లో కత్తి పట్టుకుని పన్నెండేళ్లుగా ఇదే చెబుతున్నాను. మొదట్లో ఇందులో చిరుత లేదు. కోవిడ్ ఏడాది జనం ఆరేసి అడుగుల దూరంలో లైన్లో నిలబడి విసుక్కుంటుంటే, పాపం కదా అని చిరుతను చేర్చాను.

వినేవాళ్లలో చాలామంది నవ్వి, కిలో తీసుకుని పోయేవాళ్లు. కొందరు మాత్రం నమ్మారు. మేక తొడను కీలు దగ్గర ఒక్క వేటుకు విడదీయడం చూసి, ఇంత చెయ్యి తిరిగినవాడు అడవిలో తిరక్కుండా ఉంటాడా అనుకున్నారు. అలా నమ్మినవాళ్లలో సూర్యకుమారి ఒకతి.

సూర్యకుమారిది తెనాలి వైపు. మనిషి ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. భర్త జనార్ధనరావు కనాటా అనే ఊళ్లో టెలికాం ఇంజినీరుగా చేసి, ఇప్పుడు అదే ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేస్తున్నాడు. కూర్చునేదేదో ఎక్కడ కూర్చుంటే ఏమని ఆవిడ ఆయన్ని విన్నిపెగ్‌కు గంటన్నర ఉత్తరాన ఒక పాత ఫార్మ్‌కు లాక్కొచ్చి, మేకలు పెట్టింది. తొంభై మేకలు. మా కొట్టుకు వచ్చేవి అవే. ప్రతి శనివారం నేను వెళ్లి, వీపులు తడిమి, ఏది కోతకొచ్చిందో చెప్పేవాణ్ని. ఆ విద్య మాత్రం నాకు నిజంగానే వచ్చు.

కిందటేడు మంచు కరిగాక కొయోటీలు పడ్డాయి. మన నక్కకు పెద్దన్న, తోడేలుకు చిన్న తమ్ముడు అనుకోండి. కంచె కింద తవ్వుకుని వచ్చి, రెండు నెలల్లో పదకొండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. కాపలాకు తెచ్చిన కుక్క చెవి కూడా సగం పట్టుకుపోయాయి. జనార్ధనరావుకు ఇక చాలనిపించింది. ఏజాక్స్ అనే ఊళ్లో వాళ్లన్న ఉన్నాడు. మందను అమ్మేసి అక్కడికి పోదామన్నాడు.

"నవంబరు నెలాఖరు దాకా టైమివ్వండి" అంది సూర్యకుమారి. "అప్పటికీ నేను వీటిని ఆపలేకపోతే, మీరు అమ్మడం కాదు, నేనే లారీ ఎక్కిస్తా."

అన్నమాట ప్రకారం కోర్సుకు వెళ్లింది, పరీక్ష రాసింది, తుపాకీ లైసెన్సు కార్డు తెచ్చుకుంది. ఆగస్టులో ఒక శనివారం నేను మేకల మధ్య ఉండగా వచ్చి, ఆ కార్డు చూపించింది.

"బాబాయ్, రేపు గన్ షాపుకి పోదాం. మీరొచ్చి ఏరి పెట్టాలి."

నిద్రలో చచ్చిన చిరుత లేచి కూర్చుంది.

"నాకెందుకమ్మా? షాపువాడు చెప్తాడుగా."

"షాపువాడు వాడి సరుకు అమ్ముకోడానికి చెప్తాడు. మీరైతే అడవిలో తిరిగినవాళ్లు. ఒక్కటే కొంటాను బాబాయ్. కొయోటీకీ అదే, సీజన్లో ఓ జింక కొట్టుకోవాలన్నా అదే. రోజూ చేతికి అందేలా ఉండాలి."

కిటికీలోంచి జనార్ధనరావు తల బయటపెట్టాడు. "వెళ్లండి రాఘవులు గారూ. చిరుతనే కిందికి దింపినవారు, గోడ మీంచి ఒక తుపాకీ దింపలేరా?"

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. "సరే, పొద్దున్నే రెడీగా ఉండు" అన్నాను, గొంతు కొంచెం లావు చేసుకుని.

నిజమేమిటంటే, నేను ఏ ప్రాణి మీదా తుపాకీ పేల్చినవాణ్ని కాను. మా మామ శేషగిరికి బెలూన్ల తుపాకీ కొట్టు ఉండేది. తిరునాళ్లు ఎక్కడ జరిగితే అక్కడ ఒక చెక్క బోర్డు, దాని నిండా రంగు బెలూన్లు, రెండు గాలి తుపాకులు. ఒకటి తిన్నగా కొట్టేది. రెండోదానికి ముందు వైపున్న గురిముల్లును మామ పటకారుతో వెంట్రుకవాసి పక్కకు వంచేవాడు. మొదటి దెబ్బ ఎవరికైనా ఊరికే. ఆ దెబ్బ కొట్టేటప్పుడు నేను బెలూన్ వైపు చూసేవాణ్ని కాదు, కొట్టేవాడి కన్ను చూసేవాణ్ని. మీట నొక్కబోయే ముందు కన్ను మూసేవాడికి తిన్నగా కొట్టే తుపాకీ ఇచ్చేవాణ్ని. వాడు ఎలాగూ తప్పుతాడు, పైగా తుపాకీ మంచిదేనని నలుగురికీ చెబుతాడు. కన్ను తెరిచి ఉంచేవాడికి వంకరది. పదేళ్లు ఇదే నా కొలువు. తుపాకుల గురించి నాకు తెలిసిందల్లా, అవి ఎలా తప్పుతాయో.

గన్ షాపులో గుమ్మం దగ్గరే గడ్డి నింపిన ఎలుగుబంటి రెండు కాళ్ల మీద నిలబడి ఉంది. నేను దాన్ని పాత స్నేహితుణ్ని చూసినట్టు చూసి, తల ఊపి లోపలికి నడిచాను. కౌంటర్ వెనక వాల్టర్ అనే డెబ్బై ఏళ్ల ముసలాయన, కళ్లద్దాలు దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు.

"త్రీ నాట్ త్రీ?" అన్నాను. నాకు తెలిసిన పేరు అదొక్కటే, మా ఊరి పోలీస్ స్టేషన్ పుణ్యం.

వాల్టర్ ముఖం వెలిగిపోయింది. వాళ్ల తాత ఈ దేశంలో దుప్పుల్ని కొట్టింది దాంతోనేనట. సూర్యకుమారి నా వైపు చూసిన చూపుకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ రెండంగుళాలే కొంప ముంచాయి.

వాల్టర్ ఆవిడను నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఏం కొట్టాలి, ఎంత దూరం నుంచి, ఎప్పుడెప్పుడు, ఎవరు మోయాలి. తర్వాత లోపలికి వెళ్లి, భుజానికి ఆనే కట్టె పొట్టిగా, పైన దుర్భిణి బిగించి ఉన్న ఒక సన్నటి తుపాకీ తెచ్చాడు. టూ ఫార్టీ త్రీ అన్నాడు. కళ్లు మూసుకుని భుజానికి ఆనించమన్నాడు, ఆనించాక తెరవమన్నాడు.

ఆవిడ అలాగే చేసింది. "అబ్బ! బాబాయ్, దుర్భిణిలో బొమ్మ నిండుగా కనిపిస్తోంది. మెడ కూడా చాచక్కర్లేదు."

"రోజూ వాడుకునే తుపాకీ అంటే అదేనమ్మా" అని వాల్టర్ నింపాదిగా ఇంగ్లీషులో అన్నాడు. "అన్నిటికంటే గట్టిగా కొట్టేది కాదు. రోజూ చేతిలోకి తీసుకోవాలనిపించేది. దీని తూటాలు ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతాయి. కొయోటీకి చాలు, జింకకీ చాలు." ఆ తర్వాత, మర్యాద కోసం, నా వైపు తిరిగాడు. "మీరేమంటారు సార్?"

అవును అంటే సరిపోయేది. కానీ అవును అనడానికి నన్నెందుకు తీసుకొచ్చినట్టు? వేటగాడన్నాక వేరే మాట ఒకటి చెప్పాలి కదా.

"చిన్నపిల్లల ఆటవస్తువులా ఉంది" అన్నాను తెలుగులో. "ఒక్కటే కొంటున్నావు. రేపు ఎలుగుబంటి వస్తే? మూస్ దుప్పి వస్తే? ఎదిగే పిల్లలకి బూట్లు ఒక సైజు పెద్దవి కొనమూ? అలాగ. అదుగో, ఆ పైనున్నది దింపమను."

అన్నిటికంటే పైన, అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదాన్ని చూపించాను. దాని పేరు త్రీ హండ్రెడ్ మాగ్నమ్ అని వాల్టర్ చెప్పాకే తెలిసింది. అది గట్టిగా తన్నుతుందనీ, ఈవిడ ఒంటికి కట్టె పొడుగనీ కూడా చెప్పాడు.

"మావి మిరపకాయలు తిన్న భుజాలు" అన్నాను. సూర్యకుమారి నవ్వుతూ అది ఇంగ్లీషులో చెప్పింది. వాల్టర్ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

సూర్యకుమారి సన్న తుపాకీని ఇంకోసారి చేత్తో నిమిరి, కౌంటర్ మీద పెట్టింది. "బాబాయ్ చెప్పాక ఇంకేముంది" అంది.

మర్నాడే గడ్డి మోపులకు కాగితం అంటించి, పేల్చి చూశాం. చప్పుడుకు తొంభై మేకలూ ఒకేసారి కూలబడి ఒకేసారి లేచాయి. తుపాకీ వెనక్కి తన్నింది. దుర్భిణి అంచు ఆవిడ కనుబొమకు తగిలి, నెలవంకలా తెగింది. రక్తం ముక్కు మీదికి కారుతుంటే ఆవిడ పైటతో అదుముకుని నవ్వింది.

"నీకిది వద్దే" అన్నాడు జనార్ధనరావు.

"మీరూరుకోండి. ఫస్ట్ టైం కదా."

కట్టు కట్టుకుని వచ్చి రెండోసారి గురి పెట్టింది. నేను కాగితం వైపు చూడలేదు. పాత అలవాటు, కన్ను చూశాను. మీట నొక్కకముందే రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి. తుపాకీ మూతి కిందికి వంగింది. మూడోసారీ అంతే.

నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. ఈ తుపాకీతో ఈ మనిషి గురి ఎప్పటికీ తగలదు. ఆ మాట అంటే, నీకెలా తెలుసు బాబాయ్ అంటుంది. దానికి జవాబు అడవిలో లేదు, బెలూన్ల కొట్లో ఉంది.

"అలవాటవుతుందిలే" అన్నాను. "నల్లమలలో నాకు మొదటిసారి మూడు పళ్లు ఊడాయి. రెండు మళ్లీ మొలిచాయి."

అందరం నవ్వుకున్నాం.

దసరాకు వాళ్లింట్లో ఆయుధపూజ పెట్టుకున్నారు. షెడ్డులో దుప్పటి పరిచి దాని మీద గొడ్డలి, గిట్టలు కత్తిరించే కత్తెర, జనార్ధనరావు లాప్‌టాప్, మధ్యలో తూటాలు తీసేసిన తుపాకీ. ట్రాక్టరుకు బంతిపూల దండ. నా చేతే బొట్లు పెట్టించారు. కట్టె మీద పసుపు రాసి, దుర్భిణి వైపు చూడకుండా కుంకుమ పెట్టాను. హారతి అయ్యాక సూర్యకుమారి వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

"వేటగాళ్ల దీవెన బాబాయ్. గట్టిగా దీవించండి."

లేచేటప్పుడు కనుబొమ మీద మచ్చ నా కళ్లకు జానెడు దూరంలో ఉంది. నోరు తెరిస్తే చాలు, ఏదో ఒకటి ఊడిపడే నోరు నాది. ఆ రోజు దీవెన ఒక్కటి రాలేదు. పొగకు దగ్గొస్తోందని బయటికి పోయి, మేకల్లో నిలబడ్డాను. అవి నన్ను చూసి నములుతూనే ఉన్నాయి. వాటికి నా కథలు ఎప్పుడూ చెప్పలేదు, అందుకని వాటి ముందు కాస్త నయంగా ఉంది.

అక్టోబరులో ఆవిడ కొయోటీల మీద ఏడుసార్లు పేల్చింది. ఏడూ తప్పాయి. నవంబరు మొదటి వారం, తొలి మంచు పడిన తెల్లవారుజామున, నలభై అడుగుల దూరంలో ఒకటి నిలబడి చూస్తుంటే పేల్చింది. అదీ తప్పింది. అది పారిపోతూ గౌరిని గొంతు పట్టి ఈడ్చుకుపోయింది. గౌరి అంటే ఆవిడ ఈ ఫార్మ్‌కు తెచ్చిన మొదటి మేక. మందలో సగం దాని సంతానమే.

ఆ శనివారం నేను వెళ్లేసరికి ఆవిడ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. జనార్ధనరావు టీ కలుపుతున్నాడు. సోమవారం మందను ఎక్కించుకుపోవడానికి లారీ వస్తోందని ఆయనే చెప్పాడు.

"కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చా బాబాయ్" అంది సూర్యకుమారి. "కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. ఇంక లోపం నాలోనే ఉంది. నాకు ఆ ధైర్యం లేదు. మీరు ఏరి పెట్టిన గన్‌కి వంక పెట్టలేను కదా."

నేను టీ కప్పు కింద పెట్టాను.

"వంక గన్‌దే అమ్మా. అది నీకు సరిపడదు. నాకు తుపాకుల సంగతి తెలీదు. నేనెప్పుడూ వేటాడలేదు. తిరునాళ్లలో బెలూన్లు కొట్టించేవాణ్ని."

జనార్ధనరావు పకపకా నవ్వాడు. "ఇది కొత్తది! బెలూన్ కుడి చెవిలో దూరిందా, ఎడమ చెవిలోనా?"

సూర్యకుమారికి కూడా, అంత దిగుల్లోనూ, నవ్వొచ్చింది. "నన్ను ఓదార్చడానికి చెప్తున్నారు. నాకు తెలుసులే బాబాయ్."

"ఓదార్పు కాదమ్మా, నిజం."

"మరి అడవిపంది?"

"లేదు."

"చిరుతో?"

"దాన్ని కోవిడ్‌లో చేర్చాను."

జనార్ధనరావు కుర్చీలో వెనక్కి పడి నవ్వుతున్నాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఈ మనిషిని మనతో పాటు ఏజాక్స్ తీసుకుపోదామే" అంటున్నాడు. పన్నెండేళ్లలో నేను ఏం చెప్పినా అమ్ముడుపోయింది. మొదటిసారి నిజం పట్టుకొస్తే బేరం లేదు. నా చెవులు కాలిపోతున్నాయి.

"తుపాకీ తీసుకురా అమ్మా" అన్నాను. "ఖాళీగా ఉందో లేదో నువ్వే చూడు."

బీరువా తాళం తీసి తెచ్చింది. కోర్సులో నేర్పినట్టు గడియ వెనక్కి లాగి, లోపల వేలు పెట్టి చూసి, మళ్లీ చూసింది. కిటికీలోంచి గడ్డి మోపు మీదికి గురి పెట్టమన్నాను. నా జేబులోంచి దుప్పి బొమ్మ ఉన్న కెనడా పావలా తీసి, గొట్టం చివర మీద పడుకోబెట్టాను. మామ దగ్గర నేర్చుకున్నదే, అప్పట్లో మన పావలాతో చేసేవాళ్లం.

"ఇప్పుడు నొక్కు."

టిక్కుమంది. అంతే, చప్పుడు లేదు, తన్ను లేదు. పావలా నేల మీద పడి దొర్లింది.

"మళ్లీ."

మళ్లీ పడింది. ఐదుసార్లు పెట్టాను, ఐదుసార్లూ పడింది. జనార్ధనరావు నవ్వు రెండో పావలా దగ్గరే ఆగిపోయింది.

"ఇదేమిటి బాబాయ్? లోపల తూటా లేదని నాకు తెలుసు కదా. ఎందుకు పడుతోంది?"

"తూటా లేదని నీకు తెలుసు. నీ భుజానికి తెలీదు. మొదటి రోజు తగిలిన దెబ్బ దానికి గుర్తుంది. నొక్కబోయే ముందే కళ్లు మూసుకుంటున్నాయి, మూతి వంగుతోంది. ధైర్యం లేక కాదమ్మా. ఇది తన్నే తన్నుకు నేనైనా మూస్తాను. ఆ సన్నది కొనుంటే నీకు ఈ అలవాటు పడేదే కాదు."

ఆవిడ తుపాకీని బల్ల మీద పెట్టింది. "కళ్లు మూసుకుంటున్నానని మీకెలా తెలుసు?"

"బెలూన్ల కొట్లో నా పని అదే. కళ్లు చూడ్డం."

"ఎప్పుడు చూశారు?"

ఏ వెధవైనా ఇక్కడ ఒక అబద్ధం ఆడి బయటపడతాడు. నిన్ననే అనొచ్చు, ఇప్పుడే అనొచ్చు.

"మొదటి రోజే" అన్నాను.

"ఆగస్టులోనా?"

"ఆగస్టులోనే."

ఆవిడ కనుబొమ మీద మచ్చను వేలితో తడుముకుంది. దసరా గుర్తొచ్చిందో, గౌరి గుర్తొచ్చిందో నాకు తెలియదు. అరిచినా బాగుండేది. వంగి, నేల మీది పావలా తీసి, నా చేతిలో పెట్టింది.

"టీ తాగండి రాఘవులు గారూ" అంది. "చల్లారిపోతోంది."

జనార్ధనరావు నన్ను ఎప్పుడూ రాఘవులు గారనే పిలుస్తాడు. ఆయన నోట అది నా పేరు. ఆవిడ నోట విన్నాక, నన్ను ఇంట్లోంచి లేపి గేటు బయట కుర్చీ వేసినట్టయింది. కుర్చీ వేసిన మర్యాద కూడా ఉంది, అదింకా నొప్పి.

ఆవిడ భర్త వైపు తిరిగింది. "నవంబరు నెలాఖరు దాకా అన్నాను. ఇంకా మూడు వారాలుంది. లారీకి ఫోన్ చేసి వద్దనండి."

ఆయన నా వైపు ఒకసారి చూసి ఫోన్ తీశాడు.

ఆ మధ్యాహ్నమే షాపుకు బయల్దేరారు. మీరు రానక్కర్లేదంది. వెళ్లాను. నా వ్యానులో వాళ్ల కారు వెనకాలే వెళ్లాను. గుమ్మం దగ్గర ఎలుగుబంటి వైపు ఈసారి చూడలేదు. కౌంటర్ దగ్గర ఆవిడ నోరు తెరిచేలోపు నేనే ముందుకెళ్లి, నాకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "గన్ గుడ్. ఐ బ్యాడ్" అన్నాను. వెనక లైన్లో ముగ్గురున్నారు, వాళ్లూ విన్నారు.

వాల్టర్ ఆవిడ కనుబొమ చూశాడు, నన్ను చూశాడు. పెద్దది వెనక్కి తీసుకుని, లోపలికెళ్లి ఆ సన్నదే తెచ్చాడు. ఆవిడ కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, తెరిచింది. ఈసారి బొమ్మ ఎలా కనిపిస్తోందో నాకు చెప్పలేదు. వాల్టర్‌కు చెప్పింది.

తర్వాత రెండు శనివారాలు మామూలుగానే వెళ్లాను. ఈ మేక, ఆ మేక అని చూపించేది, నేను వీపు తడిమేవాణ్ని. మేకల మాటే తప్ప వేరే మాట లేదు. వంటింటి కిటికీలోంచి టిక్కు టిక్కుమని వినిపించేది. మొదటి శనివారం దాని వెనకే పావలా దొర్లిన చప్పుడు కూడా వచ్చేది. రెండో శనివారం టిక్కు ఒక్కటే. కొట్లో ఎవరైనా అడవిపంది కథ అడిగితే, పని ఎక్కువగా ఉందనేవాణ్ని. రాఘవులుకి ఒంట్లో బాగాలేదని చక్రధర్ అందరికీ చెప్పాడు.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా, పొద్దున కొట్టు తెరిచేవేళకు ఫోన్ మోగింది.

"రాఘవులు గారూ, పడింది."

కత్తి కింద పెట్టేశాను. "ఎంత దూరం?"

"కొలిచాం. ఎనభై అడుగులు. ఒక్కటే తూటా."

"కన్ను?"

"తెరిచే ఉంది."

ఇంకొక్క మాట అంటుందేమోనని చెవికి ఫోన్ అదిమి పట్టుకుని ఆగాను. అవతల మేకలు అరుస్తున్నాయి, జనార్ధనరావు ఎవరికో గట్టిగా చెబుతున్నాడు, మా ఆవిడ కొట్టింది, మా ఆవిడ, అని.

"శనివారానికి పది రెడీగా ఉంటాయండీ" అంది. పెట్టేసింది.

కౌంటర్ అవతల మేక కాళ్లు కొట్టించుకుపోవడానికి వచ్చిన అమరేశ్వరరావు గారు మెడ చాచి వింటున్నాడు. "ఏంటి రాఘవులూ, ఏదో పడిందంటున్నావు?"

"మన మేకల ఫార్మ్ సూర్యకుమారి గారు కొయోటీని కొట్టారు."

"ఓహో! ఎంత దూరం నుంచి?"

నాలుక మీదికి వచ్చేసింది. మూడొందల గజాలు, మంచు తుఫాను, కొయోటీ కంచె మీంచి గాల్లోకి ఎగిరి ఉండగా, తూటా దాని తోకలోంచి దూరి... పళ్ల దాకా వచ్చింది. మింగడానికి కాస్త టైం పట్టింది.

"ఎనభై అడుగులు" అన్నాను.

"అంతేనా?" అన్నాడాయన, ముఖం వేలాడేసి.

"అంతేనండి" అని, మేక కాలు ముందుకు లాక్కుని కీలు వెతుక్కున్నాను.